రేసు డ్రైవర్ పన్ను లెక్క తేల్చడానికి నేను పడిన పాట్లు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, షార్లెట్‌లో 19 ఏళ్లుగా చిన్న వ్యాపారుల పన్ను లెక్కలు చూస్తున్నాను. అక్కడి కార్ల రేసుల సంస్థ నాస్కార్‌లో ఆడే జట్లలో ఎక్కువ భాగం కాన్‌కార్డ్, మూర్స్‌విల్, హంటర్స్‌విల్ వంటి చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నా, ఆ రంగం నుంచి నా దగ్గరకు వచ్చిన మొదటి మనిషి ఈ కుర్రవాడే. నాస్కార్‌లో అన్నిటికంటే పై మెట్టైన కప్ సిరీస్‌కు ఒక మెట్టు కింది సిరీస్‌లో 2024లో 14 రేసులు నడిపాడు. అతని రిటర్న్ నిన్న రాత్రే దాఖలైంది.

రేసులు జరిగిన రాష్ట్రాల పని సులువుగానే తెమిలింది. ఫ్లోరిడా, టెక్సస్, నెవాడాలలో వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. డోవర్, పొకోనో రేసులకు పనిచేసిన రోజులు లెక్కగట్టి డెలావేర్, పెన్సిల్వేనియాలకు వేరుగా రిటర్నులు వేశాను.

నన్ను మూడు వారాలు తిప్పింది ఒకే ఒక్క కాగితం. స్పాన్సర్ పంపిన 1099లో, అంటే ఎవరికి ఎంత చెల్లించారో పన్ను శాఖకు తెలిపే ఫారంలో, అతని పేర 4,10,000 డాలర్లున్నాయి. అది చూసి, లక్షకు పైగా పన్ను పడుతుందని ఫోన్‌లో చెప్పేశాను. అవతల కొంతసేపు మాట లేదు. తర్వాత, "ఆ డబ్బు నాకు మిగల్లేదండీ, సీటు కోసం, అంటే వాళ్ల కారు నడిపే అవకాశం కోసం, జట్టుకు కట్టాను" అన్నాడు.

పేరున్న కప్ డ్రైవర్లకు జీతం, ప్రైజు డబ్బులో ఒప్పందం ప్రకారం వాటా, టోపీలూ బొమ్మకార్ల అమ్మకాలపై రాయల్టీ ఉంటాయి. కింది మెట్టులో చాలామంది స్పాన్సర్‌ను తామే వెతికి తెచ్చుకుని, ఆ సొమ్ముతో సీటు సంపాదించుకుంటారు. 2015 వరకు ఏ కారుకు ఎంత ప్రైజు వచ్చిందో రేసు ఫలితాలతోపాటు ప్రకటించేవారు. ఆ ఏడాది నాస్కార్‌లో పేరుమోసిన రేసు డేటోనా 500 గెలిచిన కారుకు 15 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. 2016లో కొన్ని జట్ల కార్లకు ప్రతి కప్ రేసులోనూ చోటు ఖాయం చేసే చార్టర్ పద్ధతి మొదలయ్యాక ఆ వివరం ప్రకటించడం ఆగిపోయింది. 2024 డేటోనా 500 ప్రైజు 2 కోట్ల 80 లక్షల డాలర్లని మొత్తం మాత్రమే చెప్పారు. అప్పుడైనా ఇప్పుడైనా ఆ సొమ్ము చేరేది కారు యజమానికి. అందులో డ్రైవర్‌కు ఎంతో ఒప్పందం చదివితే తప్ప తెలియదు.

కట్టిన డబ్బును ఖర్చుగా చూపడానికి ఇన్‌వాయిస్‌లు కావాలి. నాలుగు ఈమెయిళ్లకు జట్టు అకౌంట్స్ విభాగం బదులివ్వలేదు. స్వయంగా వెళ్తే, ప్రదర్శనకు పెట్టిన కారు పక్కన రెండు గంటలు కూర్చోబెట్టి, చివరికి ఒకావిడ వచ్చి, నా క్లయింట్ ముందే, "రేసింగ్ లెక్కలు తెలిసినవాళ్లను పెట్టుకోవలసింది" అంది. ఆ మాట ఇప్పటికీ మంటగానే ఉంది. తన సొంత ఇన్‌వాయిస్‌లు అడిగే హక్కు అతనికి లేదా? మర్నాడే అతని సంతకంతో రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. తొమ్మిదో రోజున 46 పేజీలు వచ్చాయి. ఇంజన్ అద్దె, టైర్లు, ప్రయాణాలు, కారు గుద్దుకున్న మరమ్మతులు అన్నీ ఉన్నాయి. ఒక్కో వరసా కలుపుకుంటూ పోతే టాలడేగా రేసులో విరిగిన కారు ముందు భాగానికి 11,800 డాలర్లు రెండు నెలల ఇన్‌వాయిస్‌లలోనూ వేసినట్టు బయటపడింది. రేసింగ్ తెలిసినవాళ్లు అన్నాళ్లూ దాన్ని చూడలేదు.

ఇలాంటి పని చేపట్టేవారు మొదట ఒప్పందం చేతికి తీసుకోండి, అది చదివే వరకు పన్ను అంకె నోట రానీయకండి. జట్టు ఆఫీసుతో ఫోన్లలో మాట్లాడకండి, ప్రతిదీ రాతలోనే అడగండి.

అన్నీ పోగా అతని నికరాదాయం 31,000 డాలర్లని తేలింది. రెండుసార్లు వేసిన ఆ 11,800 తిరిగి ఇమ్మని రెండో ఉత్తరం ఈ ఉదయం పోస్టు చేశాను.