అమ్మానాన్నలతో డిస్నీ వరల్డ్

వేసవికి అమెరికా వచ్చిన అమ్మానాన్నలను, పిల్లలను వెంటబెట్టుకుని ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్లాలనుకున్నప్పుడు, ఏ రైడ్లు ఎక్కాలన్నదానికంటే ఎవరు ఎంతసేపు నడవగలరన్నదే మా ప్రణాళికకు ఆధారమైంది. అక్కడి పార్కుల్లో ఒకటైన, 1971లో మొదలైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు సొంత కారులో వెళ్లినవారు సైతం పార్కింగ్ దగ్గర దిగి, మోనోరైలులోనో పడవలోనో ప్రయాణించాలి. డిస్నీ హోటళ్లలో బస చేసినవారిని పార్కుల్లోకి అరగంట ముందే అనుమతిస్తారు కనుక, ఎండ ముదరకముందే పిల్లల ముచ్చట తీర్చి, మధ్యాహ్నం గదికి తిరిగివచ్చి, అమ్మ కాస్త నడుము వాల్చాక సాయంత్రం మళ్లీ బయలుదేరేవాళ్లం. ఈ విరామం లేకుంటే పెద్దవాళ్లకు ఆ ఉక్కపోత భరించడం చాలా కష్టం.

స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తు ఉండాలి, మా చిన్నవాడు ఇంకా అంత ఎదగలేదు. రైడర్ స్విచ్ పద్ధతి ఉండటంతో, నేనూ పెద్దమ్మాయీ తిరిగివచ్చేదాకా వాడి దగ్గర ఆగిన మావారు మళ్లీ ఆ పొడవాటి వరుసలో నిలబడకుండానే ఎక్కగలిగారు.

బయటి తిండిని లోపలికి రానివ్వడం నాకెంతో నచ్చింది. అమ్మ ఇంగువ దట్టించి కలిపిన పులిహోరను నీడపట్టున కూర్చుని అందరం తృప్తిగా తిన్నాం. వీల్‌చైర్ అనగానే నాన్న మొహమాటపడ్డారు గాని, ఎప్కాట్ అనే మరో పార్కులో సరస్సు చుట్టూ ఉన్న 11 దేశాల పెవిలియన్లను ఆయన తీరిగ్గా చూడగలిగింది దానివల్లనే.