వడిసెల మనిషి తల నాలుగు సెంటీమీటర్లు

ఆదివారం, నల్లగొండ

పొద్దున్నుంచి మబ్బే. పక్కింటి ఇంటర్ పిల్లగాడు నాలుగు ఏ-ఫోర్ కాయితాలు పట్టుకొని వచ్చిండు. దొరల మీద రైతులు కొట్లాడిన సంఘం రోజుల మీద కామిక్ గీస్తున్నడు. మొదటి పేజీ నిండ ఒక్కటే బొమ్మ: వడిసెల (రాళ్లు ఇసిరే తాడు) తిప్పుతున్న మనిషి. "ఎట్లుంది అన్నా?" అన్నడు.

మా దిక్కు ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే, "మంచిగుంది". దాంతోని ఒక్క గీత కూడ జరగది. "ఏందో తేడా కొడుతుంది" అన్నా అంతే. ఎక్కడ, ఎంత అన్నది చెప్తేనే గీసేటోనికి పని దొరుకుతది. స్కేలు తీసే ముందు ఒక్కటే అడగాలె: ఈ మనిషి ఎవరు, ఏం చేస్తున్నడు? "ముప్పై ఏండ్ల రైతు, రాయి ఇసరబోతున్నడు" అన్నడు. అది తెల్వకుంట సలహా చెప్తే, మన బొమ్మను గీసేటోని చేత గీయించుకున్నట్టే.

కాళ్లు వంచిన బొమ్మను నెత్తి నుంచి నేల దాకా ఒక్కసారే కొలిస్తే లెక్క తప్పుతది. ముక్కలు ముక్కలుగ కొలవాలె. తల 4 సెంటీమీటర్లు. గదుమ నుంచి తొడల సందు దాకా 9. తొడ 5.5, మోకాలు నుంచి అరికాలు దాకా ఇంకో 5.5. మొత్తం 24, తల ఎత్తుకు ఆరింతలు, అంటే ఆరు తలల మనిషి. మామూలు పెద్దమనిషి ఏడున్నర తలలు ఉంటడు, కామిక్ వీరుణ్ణి ఎనిమిది తలలకు సాగదీస్తరు. ఆరు తలలకు మీసం పెట్టినా బడి పిల్లగాడే కనిపిస్తడు.

24ను ఎనిమిదితోని భాగిస్తే తల 3 రావాలె. మొండెం 9 సరిగ్గనే ఉంది, దాన్ని ముట్టొద్దు. తలల తగ్గే ఒక్క సెంటీమీటరును తొడకు అర, పిక్కకు అర పంచితే చాలు. ఈ తప్పు అందరు చేసేదే. మొదలు మొహం గీస్తరు, మనసంత అక్కడనే పెడ్తరు, కిందికి వచ్చేసరికి కాయితం అయిపోతది, కాళ్లు కుదించుకపోతయి. పాత పేపరు నుంచి 24 సెంటీమీటర్ల పట్టీ కత్తిరించి మూడుసార్లు సగానికి మడతేస్తే ఎనిమిది గళ్లు వస్తయి. గీసే ముందు ఆ పట్టీ పక్కన పెట్టుకోవాలె.

"అది నా స్టైల్ అన్నా" అన్నడు. అనొచ్చు, స్టైల్ నిజంగ ఉంటది. అయితే స్టైల్ అయితే అన్ని పేజీలల్ల ఉండాలె గద. మూడో పేజీల అదే మనిషి, అంతే ఎత్తు, తల మూడుంపావు. వాడే నవ్విండు.

అరచేతులు కూడ చిన్నగైనయి. మన శిల్పుల లెక్కల తాళం అనే కొలత అంటే పన్నెండు అంగుళాలు (ఇంచులు కావు, వేలి వెడల్పులు): నుదుటి వెంట్రుకల అంచు నుంచి గదుమ దాకా మొహం ఎంతో, మణికట్టు నుంచి నడిమి వేలు కొస దాకా చెయ్యి అంత. మన చెయ్యి మన మొహం మీద పెట్టుకుంటే తెలుస్తది, వేరే పుస్తకం అక్కర లేదు.

ఇవన్నీ సరిచేసినా రాయి మాత్రం ఎగరది. అసలు కిటుకు నిలబడుట్ల ఉంది. కుడిచేత్తోని ఇసురుతున్నడు, కుడికాలే ముందుకు పెట్టిండు. కుడిచెయ్యి ఇసిరేటోనికి ఎడమకాలు ముందుంటది, ఇసిరే ముందు బరువంత ఎనకనున్న కుడికాలు మీద ఉంటది. దారానికి రబ్బరు కట్టి మెడ గుంట కాడ పట్టి చూస్తే, దారం సరిగ్గ రెండు కాళ్ల నడుమ పడ్డది. అది ఫోటోకు నిలబడ్డోని తీరు. దారం ఎనక పాదం మీదికి పోవాలె. అప్పుడు భుజాల గీత ఒక దిక్కు వాలితే, నడుము గీత రెండో దిక్కు వాలుతది. మన నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది నాట్యగత్తెలను ఒక్కసారి చూస్తే మళ్ల చెప్పాల్సిన పని ఉండదు.

లేపిన చెయ్యి గూడ అతికిచ్చినట్టే ఉంది. భుజం కిందనే ఉండి చెయ్యొక్కటే పైకి పోయింది. చెయ్యి పూర్తిగ పైకెత్తితే తిరిగే 180 డిగ్రీలల్ల దాదాపు 120 భుజం కీలుది, మిగిలిన 60 వీపు మీది రెక్క ఎముకది. అందుకే భుజం చెవి దిక్కు లేస్తది, మెడ ఆ పక్క పొట్టిగ కనిపిస్తది.

వాళ్లమ్మ చూసి "కోపం కనిపిస్తలేదు బిడ్డా" అన్నదట, వాడు కనుబొమ్మలను ఇంకింత నల్లగ దిద్దిండు. ఆమె అన్నది నిజమే, దానికి వాడు ఏసిన మందే తప్పు. బొమ్మలు గీయనోళ్లకు నొప్పి తెలుస్తది, నొప్పి ఎక్కడ పుట్టిందో గీసేటోడే ఎతుక్కోవాలె. ఇక్కడ మొహంల ఏం లోపం లేదు. రొమ్ము నిటారుగ ఉంది, కోపం ఒంట్లకు దిగలేదు.

దిద్దేదంత ట్రేసింగ్ పేపరు మీదనే, వాడి కాయితం మీద ఒక్క గీత కూడ వద్దు. అసలు బొమ్మ అట్లనే ఉంటే నెల తర్వాత పక్కన పెట్టి చూసుకోవచ్చు. అదే ట్రేసింగ్ మీద బొమ్మంత మార్కర్‌తోని నల్లగ నింపితే ఇంకోటి బయటపడ్డది: రాళ్ల సంచి పట్టిన ఎడమచెయ్యి రొమ్ముల కలిసిపోయి మాయమైంది. దాన్ని పక్కకు జరిపి, చంకకు నడుముకు మధ్య తెల్ల సందు ఇడిస్తే సరి.

బాగున్నదాన్ని కూడ వేలు పెట్టి చూపియ్యాలె, లేకుంటే దిద్దేటప్పుడు దాన్నే చెరుపుతరు. వడిసెల తాడును ఒక్క ఊపుల గీసిండు, చేతికాడ లావు, రాయికాడ సన్నం. ఆ గీత అట్లనే ఉంచాలె.

నీడలు, ధోవతి మడతలు ఇయ్యాల ముట్టలేదు. నిలబడుడు మారితే మడతలన్నీ మారుతయి, ముందుగాల దిద్దితే దండగ. నాలుగో పేజీల దొర గుర్రం ఉంది. ఎనక కాలు నడుమ వంగిన కీలును మోకాలు అనుకొని గీసిండు. అది మడిమె. మోకాలు పైన, పొట్ట కాడ ఉంటది. అది వచ్చే ఆదివారం.