మూత ముట్టకన్నాడు

"అన్నా, మూత ముట్టకు!"

పక్క షెడ్డులోంచి మెకానిక్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది. బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతున్నాను. పాప నా పక్కనే నిలబడి తొంగిచూస్తోంది.

లోపల ప్రెషర్ వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవట. మూత తీస్తే ఒక్కసారిగా ముఖం మీదికి ఎగజిమ్ముతాయట.

ఇంజిన్ చల్లారాక తనే తీశాడు. తుప్పుపట్టిన నీళ్లు, అచ్చం డికాక్షన్ రంగు. రెండేళ్లుగా కూలెంట్ బదులు కుళాయి నీళ్లే పోస్తున్నాను మరి. కింది హోస్‌కి క్లిప్పు దగ్గర వెంట్రుకంత చీలిక.

కోదాడ వచ్చేదాకా నా చేతుల వణుకు తగ్గలేదు. డబ్బులిచ్చాను కానీ, టెన్షన్‌లో ఆ తమ్ముడికి థాంక్స్ చెప్పడం మరిచిపోయాను. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు ఆ షెడ్డు దగ్గర ఆగాలి.