రైల్లో సైకిల్, కొండల్లో ద్రాక్షతోటలు: నాసిక్ వెళ్లొచ్చిన వైనం

నాసిక్ ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కి వస్తానంటే మా అమ్మ, “ద్రాక్షపళ్లు బీసెంట్ రోడ్డులో దొరకట్లేదా?” అంది. వెళ్లేది షిర్డీ రైల్లో అని చెప్పాక మాత్రం ఇంకేం అడ్డు చెప్పలేదు. బాబా దర్శనం ఉంటే మా ఇంట్లో ఏ ప్రయాణానికైనా పర్మిషన్ దొరికినట్టే. తోడుగా మా బావమరిది బయల్దేరాడు.

నాసిక్ పడమటి కనుమల అంచున, సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన బెజవాడ పాతిక మీటర్లు కూడా లేదు. రోజూ బందరు కాలవ గట్టు మీదా, ప్రకాశం బ్యారేజీ మీదా తొక్కేవాడికి ముప్ఫై కిలోమీటర్లు ఒక లెక్క కాదు గానీ, ఎత్తు అన్నమాట వింటేనే టెన్షన్. అందుకని బయల్దేరే ముందు కొన్ని వారాలు ఆదివారం ఆదివారం కొండవీడు వెళ్లాం. గుంటూరు దాటాక రెడ్డిరాజుల కోట దాకా ఎక్కే ఘాట్ రోడ్డు ఉంది కదా, మన చుట్టుపక్కల సైకిల్‌వాళ్లకు కాళ్లు పరీక్షించుకోడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఖాళీ సైకిల్‌తో ఎక్కి సంబరపడితే లాభం లేదని మా సైకిల్ మెకానిక్ ముందే చెప్పాడు. వెనక కారియర్‌కి రెండు పక్కలా బ్యాగులు తగిలించి, వాటిలో నీళ్ల సీసాలు నింపుకుని ఎక్కాం. బరువుతో ఎక్కేటప్పుడు సీట్లోంచి లేచి తొక్కితే సైకిల్ అటూ ఇటూ ఊగిపోతుంది. కూర్చుని, తేలిక గేరులో, ఊపిరి అదుపులో పెట్టుకుని చిన్నగా తిప్పుకుంటూ పోవాలి. దానికి తగ్గ గేరు కూడా ఉండాలి. నా సైకిల్‌కి వెనక గేర్లలో పెద్ద పళ్లచక్రం 28 పళ్లది ఉంటే తీయించి 34 పళ్లది వేయించాను. ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చుల్లో దీనంత పనికొచ్చింది మరొకటి లేదు. బ్రేకు రబ్బర్లు కూడా కొత్తవి వేయించాం. ఎక్కేటప్పటి సంగతి సరే, దిగేటప్పుడు వాటి మీదే ప్రాణం.

ఇక సైకిల్‌ని రైలెక్కించడం. చాలామంది ఇక్కడే జంకుతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కాకినాడ నుంచి విజయవాడ మీదుగా షిర్డీకి ఎక్స్‌ప్రెస్ ఉంది. మన టికెట్ చూపిస్తే సైకిల్‌ని లగేజీ కింద బుక్ చేస్తారు, మనం ఎక్కిన రైల్లోనే బ్రేక్‌వ్యాన్‌లో, అంటే సామాన్ల పెట్టెలో, వస్తుంది. టికెట్ లేకుండా అయితే పార్శిల్ కింద పంపాలి, అప్పుడు ఏ రైల్లో చోటుంటే ఆ రైల్లో వెళ్తుంది. అందుకని కౌంటర్లో “లగేజీ” అనే అడగాలి. మోటార్ సైకిల్‌కైతే పెట్రోలు మొత్తం తీసేయాలి, మన దానికి ఆ బాధ లేదు. రైలు టైముకి బాగా ముందే వెళ్లాలి.

పెడల్స్ ఊడదీసి బ్యాగులో వేసుకున్నాం. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, కుడివైపుకి తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక బిగించేసుకునేవాళ్లు బోలెడుమంది. హ్యాండిల్ పక్కకి తిప్పి ఫ్రేముకి కట్టాం. వెనక గేర్లు మార్చే భాగం సైకిల్లో అన్నిటికన్నా సున్నితమైంది, ఒక్క దెబ్బకి వంగిపోతుంది. దాన్ని విప్పి, పాత దుప్పటి ముక్కలో చుట్టి, చక్రం పక్కన లోపలికి కట్టేశాం. మొత్తం సైకిల్‌కి గోనెసంచి చుట్టి, అట్టముక్క మీద పేరు, పీఎన్ఆర్, ‘బీజెడ్ఏ నుంచి ఎస్ఎన్ఎస్ఐ’ అని (విజయవాడ, షిర్డీ స్టేషన్ల కోడ్‌లు) లావు స్కెచ్ పెన్నుతో రాసి రెండు చోట్ల కట్టాం. హమాలీ దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, “బాగానే కట్టారు సార్” అన్నాక గానీ మా బావమరిది ముఖం విప్పారలేదు.

షిర్డీలో రసీదు చూపించి సైకిళ్లు తీసుకున్నాం. తీసుకోవడం ఆలస్యమైతే అదనంగా కట్టాలి కాబట్టి ముందు ఆ పని, తర్వాత దర్శనం. స్టేషన్ బయట సైకిళ్లు బిగిస్తుంటే చుట్టూ చిన్న జనం పోగయ్యారు. సగంమంది తెలుగువాళ్లే!

షిర్డీ నుంచి నాసిక్ దాదాపు 90 కిలోమీటర్లు. సిన్నర్ దాకా దారి పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది, ఉల్లి చేలు, మధ్యమధ్య ద్రాక్ష. ముంబై వైపు నుంచి పల్లకీలతో షిర్డీకి నడిచొచ్చే భక్తులు ఎదురయ్యారు, మమ్మల్ని చూసి “సాయిరాం” అంటూ చేతులూపారు. సిన్నర్ ముందు నా టైరులో తుమ్మముల్లు దిగింది. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేలితో తడిమి ముల్లు మొన ఎక్కడుందో చూసి పీకేయాలి, లేకపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. సిన్నర్లో గోందేశ్వర ఆలయం చూశాం. నల్లరాతి కట్టడం, జనం లేరు, నీడ ఉంది. షిర్డీ వెళ్లే మనవాళ్లు దీన్ని చూడకుండా ఎందుకు తిరిగొచ్చేస్తారో నాకు అర్థం కాదు. సిన్నర్ దాటాక మోహదరీ ఘాట్ దిగితే నాసిక్ మైదానం. దిగుతున్నంతసేపూ “బావా, వచ్చేటప్పుడు ఇదే ఎక్కాలి” అని వాడు వెనక నుంచి గుర్తుచేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున గంగాపూర్ డ్యామ్ వైపు. ఫిబ్రవరిలో అక్కడ తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోయే చలి, పదకొండు దాటితే మన ఎండే. వైన్ ద్రాక్షకు ఈ తేడాయే కావాలట. ఫ్రాన్సులో కోత సెప్టెంబరు ప్రాంతంలో, ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా. అక్కడ చలికాలమంతా తీగ నిద్రపోతుంది, ఇక్కడ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కత్తిరించేది కొమ్మ కోసం, వానలు వెనకపట్టాక కత్తిరించేది కాయ కోసం.

రోడ్డుకి అటొక రకం తోట, ఇటొక రకం తోట. ఒకటి మనం తినే థాంప్సన్ సీడ్‌లెస్. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ షాహీ పందిళ్లు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. గుత్తి గుత్తికీ కాగితం చుట్టి ఉంది. ఎందుకని గట్టు మీద కూర్చున్న రైతుని హిందీలో అడిగాం. చలికి కాయ గులాబీ రంగు తిరిగితే ఎక్స్‌పోర్టుకి తీసుకోరు, అందుకే కాగితం అన్నాడు. కాయ లావెక్కడానికి గుత్తుల్ని జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే ఎదుగుదల హార్మోనులో ముంచడం కూడా ఉంది. మేం విజయవాడ అంటే ఆయనకి తెలియలేదు, “బాలాజీ రాష్ట్రం” అంటే వెంటనే దారి వదిలి లోపలికి రమ్మన్నాడు.

రెండోది వైన్ ద్రాక్ష. పందిరి ఉండదు, నడుమెత్తు తీగల వరసలు. కాయ రేగిపండులో సగం కూడా ఉండదు, తోలు మందం, లోపల గింజలు. చూస్తే ఎవరూ కొనరు. నోట్లో వేసుకుంటే థాంప్సన్ కన్నా తియ్యగా ఉంది! లావెక్కితే నీరు పెరిగి రుచి పలచబడుతుందని దీన్ని కావాలనే చిన్నగా ఉంచుతారు. పక్కపక్క పొలాల్లో ఒకే పంటకి ఇంత విరుద్ధమైన సేద్యం కారులో వెళ్తే కంటికి ఆనదు.

ఆ దారిలోనే సూలా అనే వైన్ కంపెనీ ఉంది. 1999లో మొదలై, 2000లో తొలి వైన్ అమ్మారు. నాసిక్ ఈ రంగంలో పెరగడానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో తెచ్చిన ద్రాక్ష శుద్ధి పరిశ్రమల విధానం బాగా కలిసొచ్చింది. తెల్ల వైన్‌కి రసం పిండి తోలు తీసేస్తారు, ఎర్రదానికి తోలుతోనే పులియబెడతారు, రంగంతా తోలుదే. రుచి చూసే కార్యక్రమానికి మేం సాయంత్రం సైకిళ్లు గదిలో పెట్టి ఆటోలో వెళ్లాం. తాగి సైకిల్ తొక్కడం, అదీ డ్యామ్ పక్క మలుపుల్లో, సరదా పని కాదు. తెల్ల వైన్ షెనిన్ బ్లాంక్ పరవాలేదు. ఎర్రది, షిరాజ్, నా నోటికి మరీ వగరు. మా బావమరిది గ్లాసు వాసన చూసి, “చాక్లెట్ వాసన వస్తోంది” అని గైడు చెప్పిందే తిరిగి చెప్పాడు.

అసలు కొండదారి త్ర్యంబకం వైపు. నాసిక్ నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే, ఎత్తు కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. మధ్యలో ఎడమపక్క అంజనేరి కొండ. హనుమంతుడు పుట్టింది ఇక్కడేనని వాళ్లంటారు, తిరుమల అంజనాద్రి అని 2021లో టీటీడీ ప్రకటించింది. ఆ కొండ కింద టీ కొట్టు దగ్గర ఈ విషయం ఎత్తొద్దని మా వాడికి సైగ చేశాను.

త్ర్యంబకం వెనక బ్రహ్మగిరి నిలువుగోడలా లేస్తుంది. గోదావరి పుట్టేది దాని మీదే. అక్కడి నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు. స్నానాల రేవు మెట్ల పక్కన ఒక్క అంగలో దాటేయగల పాయని చూపించి అదే గోదావరి అంటే, రాజమండ్రి వంతెన మీద రైల్లో ఎంతసేపు పోతామో తెలిసినవాడికి నమ్మబుద్ధి కాదు. త్ర్యంబకం నుంచి పహినే మీదుగా ఘోటీ వైపు వెళ్లే రోడ్డులో ఎత్తుపల్లాలు మరీ ఎక్కువ. అక్కడ 34 పళ్ల చక్రం విలువ తెలిసింది.

సీసాలు కొనలేదు. పక్క రాష్ట్రం మద్యం మోసుకొచ్చి సమాధానాలు చెప్పుకునే ఓపిక లేదు. ఇంటికి ఎండుద్రాక్ష తీసుకున్నాం. తిరుగు ప్రయాణంలో మోహదరీ ఘాట్ ఎండ ఎక్కకముందే ఎక్కేశాం. కొండవీడు కన్నా వాలు తక్కువ, లారీలు మాత్రం ఎక్కువ. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించుకోవడం మంచిది.

వెళ్లాలనుకునేవాళ్లు జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి చివరి లోపు చూసుకోండి. వానాకాలంలో త్ర్యంబకం కొండలు పచ్చగా, జలపాతాలతో అద్భుతంగా ఉంటాయి గానీ తీగలకి కాయ ఉండదు. 2027లో అక్కడ కుంభమేళా, మనకి గోదావరి పుష్కరాలు. ఆ రోజుల్లో నాసిక్ రోడ్ల మీద సైకిల్ సంగతి మర్చిపోండి, గది కూడా దొరకదు.