పెరటి తలుపు

2019 జులై నెలాఖరులో మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగో రోజు తెల్లవారుజామున పొయ్యి మీద పాలు మాడుతున్నాయని మావారిని నిద్ర లేపానట. అప్పటికి పొయ్యి వెలిగించనే లేదు. మధ్యాహ్నానికి మాట తడబడింది, సాయంత్రం మూర్ఛ వచ్చింది. ఇదంతా ఆయన రాసిపెట్టిన నోటుపుస్తకం చూసి చెబుతున్నాను. అక్కడి నుంచి దసరా దాటేదాకా నాకు ఒక్క రోజు కూడా గుర్తు లేదు.

వచ్చింది హెర్పిస్ వైరస్ మెదడువాపు. స్కానింగులో కణతల లోపలి భాగం వాచి కనిపించింది, వెన్నునీటి పరీక్షలో వైరస్ తేలింది. ఎసైక్లోవిర్ మందు 21 రోజులు నరం ద్వారా ఎక్కించారు. ప్రాణం దక్కింది. పాత జ్ఞాపకాలూ చాలావరకు దక్కాయి. బడిలో ఏళ్ల తరబడి చెప్పిన తెలుగు పాఠాలు అడిగితే అప్పజెప్పేదాన్నట. పోయింది కొత్తదాన్ని నిలుపుకునే శక్తి. భోజనం చేసి, చేయి కడుక్కుని వచ్చి, "ఏమండీ, వడ్డించమంటారా? మనం ఇంకా తినలేదు కదా" అనేదాన్నట.

మా ఇల్లు మూడో అంతస్తులో. అందుకని ఆసుపత్రికి దగ్గరలో కింది వాటా ఒకటి అద్దెకు తీసుకున్నారు. దాని పెరటి తలుపు వానలకు ఉబ్బిపోయింది. ముందు మనవైపు లాగాలి, తర్వాత పైకి ఎత్తాలి, ఎత్తి పట్టుకుని గడియను ఎడమకు జరపాలి, చివర మోకాలితో కింది మూల నెట్టాలి. ఏ ఒక్కటి ముందువెనకలైనా రాదు. నోటుపుస్తకంలో సెప్టెంబరు 3న ఇలా ఉంది: "తలుపు రాక అక్కడే కూర్చుండిపోయింది. చేయి పట్టుకుని తీయించాను." సెప్టెంబరు 19న: "తనే తీసింది. ఎలా తీశావంటే, ఏ తలుపు అంది."

ఈ రెండు వాక్యాలు నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

ఆ నెలలోనే ఒక మనస్తత్వ నిపుణురాలు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద నాలుగు చోట్లు ఉంటాయి, చుక్క ఎక్కడ వెలిగితే దానికి సరిపోయే మీట నొక్కాలి. చుక్క పదిసార్లు వెలిగే ఒకే వరుసలో తిప్పి తిప్పి నడుస్తుంది, ఆ సంగతి మనకు చెప్పరు. 1987లో మేరీ జో నిసెన్, పీటర్ బులెమర్ అనే పరిశోధకులు చేసిన పరీక్ష ఇది. నా వేళ్లు క్రమంగా వేగం అందుకున్నాయి. వరుసను చెదరగొట్టగానే నెమ్మదించాయి. ఏదైనా వరుస కనిపించిందా అని అడిగితే లేదన్నాను. మర్నాడు ఆ గదిలోకి మొదటిసారి వస్తున్నానన్నాను. వేళ్లు మాత్రం నిన్నటి వేగంతోనే మొదలుపెట్టాయట.

జరిగిన సంగతిని మెదడులో నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం నాలో దెబ్బతింది. వరుసలను ఒంటబట్టించే బేసల్ గ్యాంగ్లియా అనే మరో భాగం జోలికి వైరస్ పోలేదు. అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు మూర్ఛలు తగ్గాలని 1953లో రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తొలగించారు. ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. రోజురోజుకూ గీత తిన్నబడింది. ముందు రోజు గీసిన సంగతి మాత్రం ఆయనకు తెలియదు. తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఇందులో వింత తక్కువే తోచింది. "రాముడు వచ్చింది" అంటే బడి ముఖం చూడనివారి చెవికీ గుచ్చుకుంటుంది. సూత్రం చెప్పమంటే మాత్రం వాళ్లు చెప్పలేరు.

నన్ను పరీక్షించిన నిపుణురాలు మావారికి గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. "గుర్తుందా అని అడగకండి. తెలియకపోతే ఏదో ఊహించి చెబుతారు, ఆ తప్పే పాతుకుపోతుంది. తప్పు దొర్లకముందే సరైనది చేయించండి." మతిమరుపు రోగులకు ఈ పద్ధతి మేలు చేస్తుందని 1994లో అలన్ బ్యాడ్లీ, బార్బరా విల్సన్ చూపించారట. మావారు అప్పటికే తలుపు దగ్గర చేసింది అదే, తెలియకుండానే. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం ఒకరి తర్వాత ఒకరు "నేనెవరో చెప్పు చూద్దాం" అనేవారట. వాళ్లది ప్రేమే. కానీ దయచేసి అలా అడగకండి. వచ్చి, మీ పేరు మీరే చెప్పండి. రేపు వచ్చినా మళ్లీ చెప్పండి.

దీపావళి నాటికి రోజులు కొద్దికొద్దిగా నిలవడం మొదలైంది. ఇప్పటికీ నోటుపుస్తకం చేతిలో ఉండాల్సిందే.

సంక్రాంతికి ముందు ఇంటావిడ వడ్రంగిని పిలిపించి తలుపును చిత్రిక పట్టించారు. వేలితో నెడితే తెరుచుకునేలా అయింది. వడ్రంగి రావడం నాకు గుర్తుంది, కళ్లారా చూశాను. అయినా మర్నాడు పొద్దున నా చేయి తలుపును లాగింది, పైకి ఎత్తింది, గడియ జరిపింది. మోకాలు జోరుగా ముందుకు వెళ్లింది. తలుపు చటుక్కున తెరుచుకోవడంతో తూలి ద్వారబంధం పట్టుకున్నాను.

గుర్తులేని ఆ రోజుల్లో నేను ఈ ఇంట్లో తిరిగానని అంతవరకు నోటుపుస్తకమే చెప్పింది. అక్కడే నిలబడి ఏడ్చాను. మావారు పరుగున వచ్చి దెబ్బ తగిలిందా అన్నారు. తగల్లేదని చెప్పి, తలుపు మూసి, ఆయన చూస్తుండగా మళ్లీ తీశాను.