కొత్తగా కట్టిన చక్రం టిక్కుమంటుంటే

కొత్త రిమ్ము వేసి మళ్లీ కట్టిన సైకిల్ చక్రం టిక్కు టిక్కుమంటే చాలామంది వెంటనే స్పోకులు బిగించే స్పోక్ కీ పట్టుకుని స్పోకులన్నిటినీ ఇంకో పావు తిప్పు బిగిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు వినండి. శబ్దం ఎప్పుడొస్తోంది, ఎంతెంత సేపటికొకసారి వస్తోంది, తొక్కడం ఆపితే ఆగుతోందా? ఇవి తెలియకుండా కీ పెడితే బాగున్న చక్రం కూడా పాడవుతుంది.

మా మేనల్లుడు విశాఖలో ఉంటాడు. సెలవు దొరికితే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా సైకిల్ మీద వెళ్లొస్తాడు. గుంతలో పడి వెనక రిమ్ము వంగిపోతే, పాత హబ్ (చక్రం మధ్య ఇరుసు చుట్టూ తిరిగే భాగం) ఉంచుకుని కొత్త రిమ్ము, కొత్త స్పోకులతో చక్రం కట్టించాడు. తిప్పి చూస్తే బెండు లేదు. కానీ రుషికొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు టిక్కుమంటోందట. "మావయ్యా, దిగేటప్పుడు అస్సలు రాదు, ఎక్కేటప్పుడే" అన్నాడు ఫోన్లో.

ఆ ఒక్క మాటతో చాలా అనుమానాలు తొలగిపోయాయి. వాల్వ్ రిమ్ముకు తగిలి కొట్టుకోవడం, వదులైన రిఫ్లెక్టర్, రెండు పొరలతో మధ్యలో బోలుగా ఉండే డబుల్ వాల్ రిమ్ము లోపల పడిపోయిన నిపిల్ (స్పోక్ కొనను రిమ్ముకు పట్టి ఉంచే చిన్న నట్టు) ముక్క, ఇవన్నీ దిగేటప్పుడు కూడా మోగుతాయి. తొక్కితేనే వస్తోందంటే బరువు, లాగుడు పడే చోటే ఏదో కదులుతోంది.

అయితే అది చక్రమేనా, పెడలా? మామూలు 700సి సైజు చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కుతుంటే చక్రం దాదాపు సెకనుకొకసారి తిరుగుతుంది. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్ల గేరులో ఉంటే పెడలూ సరిగ్గా అంతే తిరుగుతుంది, రెండిటికీ తేడా తెలియదు. అందుకే వెనక 17 పళ్లకు మార్చి కాస్త కష్టమైనా తొక్కి చూడమన్నాను. అప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. శబ్దం పెడల్ చుట్టుకొకసారి వస్తే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) చూడాలి, చక్రం చుట్టుకొకసారి వస్తే చక్రం చూడాలి. చక్రం చుట్టుకే వచ్చింది. నేను విశాఖ వెళ్లినప్పుడు దాని ముందు కూర్చున్నాను.

వెనక చక్రంలో గేర్ల పళ్లకు చోటివ్వాలి కాబట్టి కుడి ఫ్లాంజ్ (హబ్‌కు స్పోకులు తగిలించే అంచు) లోపలికి జరిగి ఉంటుంది. కుడి స్పోకులు నిటారుగా నిలబడి ఎక్కువ టెన్షన్ (బిగువు) మోస్తాయి. ఎడమవాటికి అందులో సుమారు సగమే ఉంటుంది. చక్రం నేలను తాకే చోట స్పోక్ టెన్షన్ క్షణకాలం తగ్గుతుంది. ఎడమ స్పోక్ అసలే వదులైతే ఆ క్షణంలో దాదాపు సడలిపోయి, మళ్లీ బిగుసుకుంటుంది. ఒక్కో స్పోక్ మరో మూడింటిని దాటుతూ వెళ్లే మూడు క్రాసుల అల్లికలో రెండు స్పోకులు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట ఆ కదలికే టిక్కుమని వినిపిస్తుంది.

ఎడమవైపు స్పోకులను ఒక్కొక్కటీ గోటితో మీటుతూ వెళ్లాను. ఎక్కువ భాగం ఒకే శ్రుతిలో పలికాయి. వాల్వ్‌కు ఎదురుగా ఉన్న జంట మాత్రం మొద్దుగా, బరువుగా పలికింది. టార్చ్ వేసి ఆ రెండూ కలిసే చోట చూస్తే, వెండిలా మెరిసే చిన్న గాటు కనిపించింది, బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. మిగతా స్పోకుల్లో ఎక్కడా ఆ మెరుపు లేదు. "చూశావా, ఇక్కడే రా" అంటే వాడు గోటితో తడిమి, "ఇంత చిన్నదా!" అన్నాడు.

ఆ రెండు నిపిళ్లను కొద్దిగా బిగించి, పక్కవాటిని సర్ది, బెండు మళ్లీ సరిచూశాను. నిపిల్ తిప్పేటప్పుడు స్పోక్ కూడా మెలిపడుతుంది. అది తెలియడానికి స్పోక్‌కి చిన్న టేపు ముక్క జెండాలా అంటిస్తాను. జెండా తిరిగిందంటే మెలి పడినట్టు. అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ తిప్పి, జెండా మళ్లీ మొదటి చోటికి వచ్చేదాకా వెనక్కి తేవాలి. కట్టినవాళ్లు ఈ మెలి వదిలేస్తే, మొదటిసారి ఎక్కి కూర్చోగానే టింగుమంటూ ఒక్కొక్కటీ విడిపోతాయి. ఆ శబ్దం కాసేపటికి ఆగిపోతుంది, కంగారు పడక్కర్లేదు. కానీ విడిపోయాక టెన్షన్, బెండు మళ్లీ చూసుకోవాల్సిందే.

ఆ తర్వాత చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఒకే వైపు పక్కపక్కనే సమాంతరంగా ఉండే స్పోకులను జంటలుగా పట్టి గట్టిగా పిసికాను. దీంతో స్పోక్ మెడ (హబ్ దగ్గర వంగి ఉండే కొన) హబ్ రంధ్రంలో సర్దుకుంటుంది. పాత హబ్ అయితే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పాత స్పోకుల గాట్లు ఫ్లాంజ్ మీద ఉంటాయి. కొత్తవాటిని అవే గాట్లలో కూర్చునేలా అల్లాలి. అల్లకపోతే కొత్త గాట్లు పడి ఫ్లాంజ్ బలహీనపడుతుంది. వీడి చక్రంలో అల్లిక ఆ విషయంలో సరిగానే ఉంది, ఆ మెకానిక్ పనితనం నాకు నచ్చింది.

చివరగా ప్రతి క్రాసు దగ్గరా ఒక్క చుక్క నూనె వేసి, కారినది గుడ్డతో తుడిచాను. డిస్క్ బ్రేకులున్నవాళ్లు రోటర్ (బ్రేకు పట్టే పళ్లెం) మీద చుక్క పడకుండా ముందే దాన్ని తీసి పక్కన పెట్టుకోండి.

తర్వాత రుషికొండ ఎత్తు ఎక్కినప్పుడు శబ్దం లేదని మేనల్లుడు చెప్పాడు. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి వర్షాకాలం అయ్యాక క్రాసుల దగ్గర మళ్లీ నూనె వేయమన్నాను. శబ్దం తిరిగి వస్తే మొదట క్యాసెట్ లాక్ రింగ్ (వెనక గేర్ల పళ్లను పట్టి ఉంచే రింగు) బిగువు చూడమన్నాను, అది వదులైనా ఎత్తు మీద ఇలాగే టిక్కుమంటుంది.