రీలు కదులుతోందో లేదో చెప్పే గుండీ

బీరువా అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న మామయ్య పెంటాక్స్ కె1000 కెమెరాను నిరుడు వేసవిలో, చెన్నైలోని వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అడిగి తెచ్చుకున్నాను. 1976 నుంచి 1997 వరకు తయారైన ఈ కెమెరాలో షట్టర్‌కు బ్యాటరీతో పని లేదు. వెలుతురును కొలిచే మీటరుకు మాత్రం చిన్న బిళ్ల బ్యాటరీ కావాలి. ఆ మీటరుకు స్విచ్ లేదు కనుక, వాడనప్పుడు లెన్స్‌కు మూత పెట్టి ఉంచాలి.

మొదటి రీలును మైలాపూరు కపాలీశ్వరస్వామి కోనేటి గట్టున 36 ఫ్రేములూ తీసి, కడిగించడానికి ఇచ్చాను. ఒక్క బొమ్మ కూడా లేని తేట ఫిల్ము తిరిగి వచ్చింది. మామయ్య దాన్ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని, అంచుల వెంట నల్లగా ఉన్న అంకెలను చూపించారు. అవి ఫ్యాక్టరీలోనే వేసి పంపేవి కనుక, అవి కనిపించాయంటే కడగడంలో లోపం లేనట్టే.

"వైండ్ చేసేటప్పుడు ఎడమవైపు గుండీ తిరుగుతోందో లేదో చూశావా అమ్మా?" అని అడిగారు.

నేను చూడలేదు. లోపల ఫిల్ము కదిలితేనే ఆ గుండీ తిరుగుతుంది. ఫిల్ము కొస, దాన్ని చుట్టుకునే స్పూలు గాడిలోంచి జారిపోయింది. లెక్క చూపే అంకె మాత్రం, ఫిల్ము కదలకపోయినా, మీట తిప్పిన ప్రతిసారీ ముందుకు జరిగింది.

రెండో రీలులో బొమ్మలు పడ్డాయి కానీ, మెరీనాలో పొద్దున్నే తీసిన చేపలమ్మే ఆవిడ ముఖం నల్లటి నీడగా మిగిలింది. మీటరు తనకు ఎదురైన దృశ్యమంతా మధ్యరకం బూడిద రంగేనని లెక్క వేసుకుంటుంది; అక్కడ సూర్యుడు సముద్రం మీదుగా ఉదయిస్తాడు కనుక, ఆవిడ వెనక ఉన్న మెరుపే ఆ లెక్కను శాసించింది. ఇప్పుడు నేను ఎదుటివారి ముఖం మీద పడే వెలుతురే నా అరచేతి మీద కూడా పడేలా తిప్పి, దానితో లెన్స్‌ను నింపి మీటరు సూదిని మధ్యకు తెస్తాను. అరచేయి బూడిద రంగుకన్నా తెలుపు కనుక, ఆపైన ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు, ఇస్తాను.

మూడో రీలును ఇంట్లోనే కడగాలని పట్టుబట్టాను. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు-తెలుపు ఫిల్మును, బొమ్మను పైకి తెచ్చే డీ-76 అనే డెవలపర్ ద్రావణంలో, దాన్ని పలచన చేయకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి, కానీ మే నెలలో మా ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. డెవలపర్ సీసాను ఐసుగడ్డల బేసినులో నిలబెట్టి, థర్మామీటరు మీంచి కళ్లు తిప్పకుండా కూర్చున్నాను. అంతకు ముందు వారమంతా, ఆ తేట ఫిల్మునే కళ్లు మూసుకుని, కడిగే డబ్బాలోని చక్రానికి చుట్టడం సాధన చేశాను. వేళ్లకు దాని వంపు తెలిశాకే చీకటి గదిలో అసలు రీలును తెరిచాను.

బొమ్మను నిలిపే హైపో ద్రావణం నుంచి తీసి, కడిగి, దండెం మీద వేలాడదీసినప్పుడు, అదే చోట మళ్లీ తీసిన ఆవిడ ముఖం నెగటివ్‌లో ముడతలతో సహా కనిపించింది. నెగటివ్‌లో వెలుగు నలుపవుతుంది కనుక, ముక్కుపుడక మెరుపు నల్లటి చుక్కగా పడింది.